సోమశిల వంతెన ఎప్పుడు సార్? కేంద్ర రహదారుల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 167కె జాతీయ రహదారి గురించి, అందులో కృష్ణా మీద కట్టాల్సిన సోమశిల–సిద్ధేశ్వరం వంతెన గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. మంజూరు చేసింది మీ శాఖే, 2022 అక్టోబరులో ఆ కబురు దేశమంతటికీ చెప్పింది కూడా మీ శాఖే. అందుకని ఆ వంతెన ఎలా ఉండబోతుందో కాకుండా, అది లేని చోట మనుషులు ఏరు ఎలా దాటుతున్నారో రాస్తున్నాను. ఇంతకుముందు పంపిన అర్జీలు తమరి దాకా వచ్చి ఉండవు. వచ్చి ఉంటే ఒక్కదానికైనా జవాబు ఇచ్చేవారని నమ్మే మర్యాద మాలో ఇంకా కాస్త మిగిలింది.

మాది తెలంగాణలో కొల్లాపూర్ వైపు. మా చెల్లెల్ని ఏటికి అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని ఆత్మకూరు దగ్గర ఇచ్చాం. మా ఊళ్లలో ఇలాంటి సంబంధాలు ఇంటికొకటి ఉంటాయి. ఈ గట్టు మనిషికి ఆ గట్టున మేనమామ ఉంటాడు, ఆ గట్టు రైతుకు ఈ గట్టున కౌలు భూమి ఉంటుంది. సోమశిల రేవులో నిలబడితే అవతల సిద్ధేశ్వరం గుట్టలు కనిపిస్తాయి. కనిపించే ఆ చోటికి రోడ్డు మీద పోవాలంటే పెబ్బేరు పోయి, అలంపూర్ చౌరస్తా దాటి, కర్నూలు చుట్టి, నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరాలి. పొద్దున బయల్దేరితే సగం రోజు బస్సుల్లోనే పోతుంది. ఆసుపత్రిలో ఉన్న మనిషిని చూడ్డానికి పోయేవాడికి, చావు కబురు విని పోయేవాడికి అంత తీరిక ఉండదు. వాళ్లు పడవ ఎక్కుతారు.

ఆ పడవ సంగతే చెప్పాలి. మా దగ్గర నిలిచేవి శ్రీశైలం జలాశయం నీళ్లే, నిండితే నీటిమట్టం 885 అడుగులు. అప్పుడు మా ముందున్నది నది కాదు, చిన్న సముద్రం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. ఇంజన్ బోటు నడిపేవాడు ఆకాశం వంక చూసి, 'ఇప్పుడొద్దు, పొద్దు వాలనీ' అంటాడు. పొద్దు వాలాక చీకటవుతుందని ఇంకొకడు తొందరపెడతాడు. ఎండాకాలం గాలి భయం తగ్గుతుంది గానీ బురద మొదలవుతుంది. నీళ్లు రోజురోజుకూ వెనక్కి పోతుంటే రేవు కూడా వాటి వెంట పోతూనే ఉంటుంది. నిన్న పడవ ఎక్కిన చోట ఇవాళ మోకాలి లోతు ఒండ్రు. బైకును నలుగురు పట్టి బోటులోకి ఎక్కించాలి, ముసలాళ్లను చేతుల మీద మోయాలి. నిండు గర్భిణిని ఆ బురదలో దించి పడవ ఎక్కించడం మీ ఇంజనీర్లలో ఎవరైనా చూశారా? వంతెన కోసం రాసిన డీపీఆర్‌లో, అంటే పూర్తి వివరాల నివేదికలో, దానికి ఒక పేరా అయినా ఉందా?

లైఫ్ జాకెట్లు కొన్ని బోట్లలో ఉంటాయి. అవి సెలవు రోజుల్లో వచ్చే టూరిస్టులకు. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడిన రోజుల్లో హైదరాబాద్ నుంచి కార్లేసుకుని జనం వస్తారు, వాళ్లకు తొడుగుతారు. మాకు తొడగరు. మేమూ అడగం, అది వేరే సంగతి. రోజూ దాటేవాడికి ఏరు అలవాటైపోయిందని అందరూ అనుకుంటారు.

అలవాటు ఎంతవరకు కాపాడుతుందో 2007 జనవరిలో తెలిసింది. సింగోటం జాతరకు బయల్దేరిన జనంతో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. అప్పటికి రెండు గట్లూ ఒకే రాష్ట్రం. కర్నూలు జిల్లా, మహబూబ్‌నగర్ జిల్లా, ఒకే సచివాలయం. అయినా వంతెన రాలేదు. మాటలు మాత్రం చాలా వచ్చాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా రెండు గట్ల మీదా, అన్ని పార్టీల నోటా ఈ వంతెన వినపడుతూనే ఉంది. 2014లో రాష్ట్రం రెండయింది. దాంతో మాటలు కూడా రెండు రాజధానుల నుంచి రావడం మొదలైంది.

రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఈ చెరువును పంచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. చెరువు అనే అంటున్నాను, కట్ట వేసి నదిని చెరువు చేసింది ప్రభుత్వమే కనుక. కరెంటు పంచుకున్నారు. కుడిగట్టు కేంద్రం 770 మెగావాట్లు ఆంధ్రప్రదేశ్‌కు, ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లు తెలంగాణకు. కృష్ణా నీళ్లు పంచుకున్నారు. 811 టీఎంసీల్లో 512 అటు, 299 ఇటు అని 2015లో తాత్కాలికంగా ఒప్పుకుని, అప్పట్నించీ ఆ లెక్క మీద కొట్లాడుతూనే ఉన్నారు. ఒడ్డు కూడా ఎక్కడికక్కడ పంచుకున్నారు. అటు పోతిరెడ్డిపాడు, ముచ్చుమర్రి, మల్యాల. ఇటు ఎల్లూరు, నార్లాపూర్. నీళ్లు తీసుకునే ఈ చోట్లన్నిటికీ రోడ్డు ఉంది, కరెంటు లైను ఉంది, కాపలా ఉంది. నీళ్ల తగువు తీర్చడానికి ఒక బోర్డు కూడా పెట్టారు. పంచుకోకుండా వదిలేసింది ఒక్కటే, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనిషి దాటడం. అది ఎవరి వాటాలోనూ పడలేదు.

డ్యామ్ రాకముందు ఎండాకాలంలో ఏరు దిగి నడిచి దాటేవాళ్లమని మా పెద్దలు చెబుతారు. 1980లలో నీళ్లు నిలిచాక రెండు గట్ల మీదా కలిపి సుమారు వంద ఊళ్లు మునిగాయి. ఊళ్లు పోయినవాళ్లు ఎక్కడెక్కడో గుడిసెలేసుకున్నారు. అన్న ఈ గట్టున, తమ్ముడు ఆ గట్టున మిగిలిపోయిన ఇళ్లున్నాయి. ఏరును ఇంత వెడల్పు చేసింది మేం కాదు. చేసినవాళ్లే దాటే దారి కూడా చూపించాలి కదా? మేం వరం అడగడం లేదు, నలభై ఏళ్ల నుంచి రావాల్సిన బాకీ అడుగుతున్నాం.

ఇక అర్జీల సంగతి. ఇటు ప్రజావాణి సోమవారం, అటు గ్రీవెన్స్ కూడా సోమవారమే. ఒకే రోజు రెండింటికీ హాజరు కావాలంటే మళ్లీ ఆ వంతెనే కావాలి! ఈ గట్టు ఆఫీసులో, 'అప్రోచ్ రోడ్డులో అటు భాగం మాది కాదు' అన్నారు. ఆ గట్టు ఆఫీసులో, 'మొదలయ్యేది మీ వైపు నుంచే కదా, అక్కడే అడగండి' అన్నారు. మూడోచోట, అది ఎవరి ఆఫీసో చెప్పను, ఒక పెద్దమనిషి కాస్త దయతో వివరించాడు. వంతెన పూర్తికి మీరు ప్రకటించిన 30 నెలలు ప్రకటించిన రోజు నుంచి కాదట, పని అప్పగించిన రోజు నుంచట. మేం పల్లెటూరి వాళ్లం, 2022 అక్టోబరుకు 30 కలుపుకుని 2025 ఏప్రిల్ అని కూర్చున్నాం. పని అప్పగించే తేదీ ఎప్పుడని అడిగితే ఆయన నవ్వి ఫైలు మూశాడు. ఆ తర్వాత టెండరు అనే మాట పేపర్లో కనపడినప్పుడల్లా మా ఊళ్లో ఎవరో ఒకరు ఆ ముక్క కత్తిరించి దాచుకుంటారు.

ఆ ప్రకటన మాకు కంఠతా వచ్చేసింది. 1,082.56 కోట్లు. కేబుల్ స్టే కమ్ సస్పెన్షన్ పద్ధతిలో, అంటే తీగల మీద వేలాడే వంతెనల్లో, దేశంలో మొదటిది, ప్రపంచంలో రెండోది. గోపురం ఆకారంలో స్తంభం. రాత్రిపూట వెలిగే దీపాలు. నడిచి పోవడానికి గాజు దారి. హైదరాబాద్ నుంచి తిరుపతికి సుమారు 80 కిలోమీటర్లు తగ్గుతుంది. చాలా సంతోషం. తిరుపతి పోయే కార్లకు 80 తగ్గితే మేం వద్దంటామా? గాజు కింద నీళ్లు చూడటానికి టూరిస్టులు వస్తే నాలుగు టీ కొట్లు పెట్టుకుంటాం. కానీ ఆ నీళ్లను మేం పడవ అంచు పట్టుకుని చాలా దగ్గర్నుంచే చూశాం సార్. ఆ గాజు వల్లనో, గోపురం వల్లనో, దీపాల వల్లనో ఆలస్యమవుతుంటే వాటిని తీసేయండి. మామూలు స్తంభాల మీద మామూలు వంతెన వేయండి. ప్రపంచంలో నూరోది అయినా మాకు నామోషీ లేదు.

వంతెన ఒక్కటే చాలదని, నీళ్లు కూడా నిలిపే బ్రిడ్జి కమ్ బ్యారేజీ కావాలని రాయలసీమలో అడిగేవాళ్లున్నారు. సిద్ధేశ్వరం దగ్గర నీళ్లను నిలిపే అలుగు (అడ్డుకట్ట) వాళ్ల పాత కోరిక. 2016లో వేలమంది పోయి తామే శంకుస్థాపన చేసుకుంటామన్నారు. వాళ్ల నీటి బాధ నిజం, మా చెల్లెలి ఊళ్లోనే చూశాను. అలుగు కడితే నీళ్లు ఎవరికి ఎంత అనేది మళ్లీ బోర్డు, ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు. అది తేలేలోగా నా మనవళ్లకు పెళ్లిళ్లవుతాయి. ఆ తగువును దాని దారిన నడవనివ్వండి, దాన్ని చూపించి దీన్ని ఆపకండి. రాయలసీమ మిత్రులకు నా మాట నచ్చకపోవచ్చు. వాళ్ల కోసం కూడా ఇదే పడవ ఎదురుచూస్తోంది కాబట్టి చెబుతున్నాను.

చేపల వాళ్ల గోడు వేరే లేఖకు సరిపోతుంది. నిషేధించిన అలివి వలలతో కొందరు పిల్ల చేపల్ని కూడా ఊడ్చుకుపోతుంటే, ఈ గట్టు వాళ్లు పట్టుకోబోతే వాళ్లు ఆ గట్టుకు పోతారు. నీళ్ల మధ్యలో ఎక్కడ ఏ రాష్ట్రం మొదలవుతుందో చేపకూ తెలియదు, కేసు రాసే కానిస్టేబుల్‌కూ తెలియదు. రేపు పడవ మునిగినా ఇదే తంతు. శవం ఏ గట్టుకు కొట్టుకొస్తే ఆ రాష్ట్రం కేసు.

ఇక అడగాల్సినవి. పని మొదలయ్యే తేదీ చెప్పండి. పూర్తయ్యే తేదీ కాదు, అది చెబితే మేం నమ్మం. మొదలయ్యే తేదీ, అదీ తెలుగులో, రెండు గట్ల తహసీల్దార్ ఆఫీసుల గోడల మీద రాయించండి. భూసేకరణ, అటవీ అనుమతులు, డబ్బు, డిజైను, వీటిలో ఏది ఆగింది, ఎవరి బల్ల మీద ఆగింది, అది కూడా రాయించండి. ఆగిన చోటు తెలిస్తే ఆ బల్ల దగ్గరకు మేమే వస్తాం.

వంతెన వచ్చేదాకా రెండు రాష్ట్రాలను కూర్చోబెట్టి ఒక్క బోటు సర్వీసు పెట్టించండి. రెండు ప్రభుత్వాల అనుమతి ఉన్న బోటు, లెక్క ప్రకారం మనుషులు, ఎక్కే ప్రతి ఒక్కరికీ జాకెట్, నీళ్లు వెనక్కి పోయినప్పుడు వాటితో పాటు జరిగే తేలే రేవు. సోమశిల నుంచి శ్రీశైలానికి టూరిస్టుల లాంచీ నడపగలిగిన వాళ్లకు సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి ఒక బోటు నడపడం బ్రహ్మవిద్య కాదు. ఇది మీ శాఖ పని కాదంటారేమో. అయితే ఎవరి పనో వాళ్లకు ఈ కాగితం పంపించండి. కేంద్రం నుంచి వచ్చిన కాగితాన్ని రెండు రాష్ట్రాలూ కనీసం విప్పి చూస్తాయి.

సింగోటం జాతర ఏటా సంక్రాంతి వెనకే వస్తుంది. అటు గట్టు జనం అప్పుడు పడవలు ఎక్కుతారు, ఆపినా ఆగరు. ఈసారి జాతర లోపల వంతెన రాదని మాకు తెలుసు. కనీసం జాకెట్లూ, రేవులో ఇద్దరు మనుషులూ, ఒక రెస్క్యూ బోటూ ఆ వారం రోజులకైనా ఏర్పాటు చేయించమని రెండు జిల్లాల కలెక్టర్లకు ఒక ఉత్తరం రాయండి. దానికి డీపీఆర్ అక్కర్లేదు.

ఇట్లు,
కొల్లాపూర్ ప్రాంత ప్రయాణికుడు
(ఆత్మకూరు బంధువుల తరఫున కూడా)