మత సంభాషణ సమావేశాలు: 2024–25 వార్షిక నివేదిక

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధి దీపాలు, మంజీరా నీళ్ల సంగతులు ప్రధాన కార్యదర్శి నివేదికలో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నాకు అప్పగించింది రెండో శనివారం జరిగే మత సంభాషణ సమావేశాలు ఒక్కటే. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా అక్కడ ఏం జరిగిందో, ఏం జరగలేదో రాస్తున్నాను.

మొదటి మూడు సమావేశాలు వృథా అయ్యాయి. ఒకరు గీత గురించి, ఒకరు ఖురాన్ గురించి, ఒకరు యేసు కొండమీద ప్రసంగం గురించి మాట్లాడారు. ముగ్గురూ బాగానే మాట్లాడారు. చప్పట్లు కొట్టాం, శాలువాలు కప్పాం, సమోసాలు తిన్నాం. అన్ని మతాలూ ఒకటే చెబుతాయన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. నాలుగో సమావేశంలో మన కాలనీకే చెందిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు లేచి, “అన్నీ ఒకటే చెబితే మనం కూర్చుని మాట్లాడుకోవడం దేనికి? నా మతం చెప్పేది వేరు కాబట్టే నేను అందులో ఉన్నాను. ఆ తేడా వినే ఓపిక మీకుంటే వస్తాను” అన్నారు. ఆ రోజుతో ప్రసంగాలు మానేశాం. శాలువాల ఖర్చూ తగ్గింది.

ఆ తేడా వినాల్సిన అవసరం జూలైలోనే వచ్చింది. 17వ తేదీ బుధవారం తొలి ఏకాదశి, మొహర్రం పదో రోజు కలిసి వచ్చాయి. ఎవరో మంచి మనసుతోనే కాలనీ వాట్సాప్‌లో ‘మొహర్రం శుభాకాంక్షలు’ పెట్టారు. షియా కుటుంబానికి చెందిన మన సభ్యుడొకరు నొచ్చుకున్నారు. అది కర్బలాలో ఇమామ్ హుసేన్ అమరుడైన రోజు, తమకు శోకదినం, శుభాకాంక్షలు ఎలా తీసుకోవాలని అడిగారు. దానికి నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, “మా ఊళ్లో దాన్ని పీర్ల పండుగ అనే అంటాం. పీరును ఎత్తుకునేది మా నాన్నే. మలీద ముద్దలు చేసేది మా అమ్మ. బతుకమ్మకూ అవే ముద్దలు” అన్నారు. ఒకరి శోకం మరొకరికి పండుగ ఎలా అయిందన్న మాట మీద రెండు గంటలు గడిచాయి. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఈ ఏడాది జరిగిన మంచి సమావేశం అదే అనుకుంటాను. తర్వాత నెలలో కొందరం కలిసి, మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన మొహర్రం సంతాప మందిరం, బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్లి, గోడల మీది రంగు పలకలు చూసి వచ్చాం.

సెప్టెంబరులో మైకుల గొడవ. 2023లో హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, ప్రవక్త మహమ్మద్ జన్మదినమైన మిలాద్ ఒకే రోజు, సెప్టెంబరు 28న పడితే మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లోనూ పక్కపక్క రోజుల్లో వస్తే 19కి మార్చుకున్నారు. ఊరంత ఊరేగింపులకే సర్దుబాటు కుదిరింది. మన గల్లీలో స్పీకరు ఎటు తిప్పాలన్న దగ్గర మాత్రం కుదరలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదు. మన ఇంజినీరింగ్ కుర్రాడొకడు ఫోనులో కొలిచి చూపించాడు. వినాయక మండపం, మసీదు, ఆదివారం ప్రార్థన కూటం, చివరికి మన సంఘం పంద్రాగస్టు కార్యక్రమం, అన్నీ హద్దు దాటాయి. ఫోను కొలత కోర్టులో నిలవదు. కానీ ఆ సాయంత్రం ఎవరి గొంతూ లేవలేదు. స్పీకర్లన్నీ ఇళ్ల వైపు కాక రోడ్డు వైపు తిప్పుకోవడానికి ఒప్పుకున్నారు. డిసెంబరు దాకా ఆ మాట నిలిచింది. ఆ తర్వాత రెండుసార్లు తప్పింది.

ఎక్కువ కాలం తినేసింది సంఘం డబ్బు, కమ్యూనిటీ హాలు. నెలసరి రుసుము నుంచి మండపానికి చందా ఇవ్వాలా, ఇస్తే ఇఫ్తార్‌కూ క్రిస్మస్‌కూ ఇవ్వాలా, లేక దేనికీ వద్దా? న్యాయవాది సభ్యులు రాజ్యాంగం తెచ్చి 27వ అధికరణం చదివారు. ఒక మతాన్ని ప్రోత్సహించడానికి కేటాయించే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని అందులో ఉంది. మన రుసుము పన్ను కాదు కదా అన్నారొకరు. నిజమే. కానీ కట్టకపోతే లిఫ్టు ముందు పేరు రాసి పెడుతున్నప్పుడు తేడా ఎంత? మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం కూడా ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అన్న హద్దులతోనే మొదలవుతుందని ఆ న్యాయవాది గుర్తు చేశారు.

మతాన్ని ఇంట్లోనే ఉంచుకుందాం, హాలు గడప దాటనివ్వద్దు అని కొందరన్నారు. ఒక క్రైస్తవ సభ్యురాలు దానికి ఒప్పుకోలేదు. 1924లో పూర్తయిన మెదక్ చర్చి కరువు రోజుల్లో జనానికి కూలి పని చూపించిందనీ, భక్తి బయటికి వస్తేనే అలాంటివి జరుగుతాయనీ అన్నారు. కూలి ఇవ్వడం వేరు, నా డబ్బుతో నీ పండుగ చేయడం వేరని వెంటనే జవాబు వచ్చింది. ఇద్దరి మాటలోనూ పస ఉంది. చివరికి పండుగల చందా రుసుము నుంచి కాకుండా, ఇష్టమున్నవారి దగ్గర విడిగా వసూలు చేయాలని తీర్మానించాం. హాలు అద్దె సంగతి తేలలేదు.

మతమార్పిడుల మీద చర్చ రెండుసార్లు వాయిదా పడింది. సమయం లేక అని మినిట్స్‌లో రాశాం. ధైర్యం చాలకే అని నా అభిప్రాయం. యువకులు కొలతల రోజు తప్ప రాలేదు. సాయంత్రం 6 గంటలు వంట వేళ అని ఆడవాళ్లు చెబుతూనే ఉన్నారు, మేం మార్చలేదు. ఒక కుటుంబం ఎన్నికల మాటలు దొర్లాయని అలిగి మానేసింది. వారింటికి నేను వెళ్లాలి, ఇంకా వెళ్లలేదు.

మార్చిలో సమావేశం లేకపోయినా పని ఆగలేదు. 2న రంజాన్, 5న భస్మ బుధవారంతో క్రైస్తవుల ఉపవాసాలు మొదలయ్యాయి. 14న హోలీ శుక్రవారం పడింది. నమాజు వేళకు రంగులు ఆపాలని పిల్లలే నిర్ణయించుకున్నారు. 30న ఉగాది. పాడ్యమి ఎప్పుడో పంచాంగం చూసేవారికి ఏడాది ముందే తెలుసు. ఈద్ చేసుకునేవారికి మాత్రం నెలవంక కంటపడాలి. ఆ సాయంత్రం పచ్చడి తిన్న నోటితోనే పదిమందిమి మేడ ఎక్కాం. నీళ్ల ట్యాంకు అడ్డం వచ్చి మాకేమీ కనిపించలేదు. కబురు ఫోనులో వచ్చింది.

హాలు అద్దె తీర్మానం సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. సమావేశాల వేళను ఉదయం 11కి మార్చాలన్న ప్రతిపాదన కూడా ఉంది. ఈద్ నాడు షీర్ ఖుర్మా కోసం హాలు నుంచి తీసుకెళ్లిన పెద్ద గిన్నెలు రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నాయో చూసి పంపించగలరు. శ్రీరామనవమి పానకానికి కావాలి.