‘సామీ’ అన్న మాటను అట్లనే ఉంచండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కథలు ముప్పై ఏళ్లకు పైగా చదువుతున్నాను. గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. కథలు రాస్తాను. మాది క్రైస్తవ కుటుంబం, నా కథల్లో మనుషులు కూడా ఎక్కువగా మావాళ్లే. ఈ మధ్య నా పాత విద్యార్థులు ఇద్దరు తాము రాసిన కథలు తెచ్చి చూపించారు. బాగా రాశారు. కానీ ఇద్దరూ అడిగింది ఒకటే: “టీచర్, పేర్లు మార్చేస్తే వేసుకుంటారంటారా?” ఒక కథలో రూతమ్మ లక్ష్మి అయిపోవాలట. ఇంకోదాంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన మొత్తం తీసేయాలట. వాళ్లకు చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను. అందులో సగం మీ చేతుల్లో ఉంది.

మాది పలమనేరు దగ్గర పల్లె. 2002 కరువును మా వైపు ఎవరూ మరిచిపోలేదు. చెనిక్కాయ పైరు ఊడలు దిగకముందే మాడిపోయింది. మామూలుగా మా ఊళ్లో కోత పండుగ అంటే పెద్ద సందడి. పొద్దున్నే గుడికి (మా ఊళ్లో చర్చిని గుడి అనే అంటాం) చెనిక్కాయల మూటలు, గుమ్మడికాయలు, బెల్లం దిమ్మెలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజులు తెచ్చి బలిపీఠం ముందర పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పంతానికి పోయి ఒక గుమ్మడికాయను రెండొందల దాకా పాడినవాళ్లు ఉన్నారు. ఆ ఏడు మాత్రం తెచ్చేందుకు ఎవరి దగ్గరా ఏమీ లేదు.

మా పెద్దమ్మ ఖాళీ చేట తీసుకొని పోయింది. కొత్తదేమీ కాదు. ఒక పక్క అంచు ఊడిపోతే చీర పేలికతో కుట్టుకున్న చేట. ముందురోజే పేడతో అలికి ఎండబెట్టింది. దాన్ని బలిపీఠం ముందర పెట్టి, అందరికీ వినపడేటట్టు, “సామీ, ఈ ఏడు నీకు ఇదే. చూసుకో” అనింది. అయ్యగారు (మా పాస్టరు) ఏమీ అనలేకపోయారు. వేలం లేకుండానే జనం ఇళ్లకు పోయారు. చేట సాయంత్రం దాకా అక్కడే ఉంది. చీకటి పడ్డాక పెద్దమ్మే పోయి తెచ్చుకుంది. రేపు నూకలు చెరుక్కోవాలి కదా.

రెండేళ్ల తర్వాత అది కథగా రాసి ఒక క్రైస్తవ సంఘ మాసపత్రికకు పంపాను. బాగుందన్నారు. ‘సామీ’ని ‘ప్రభువా’ అన్నారు, ‘గుడి’ని ‘దేవుని మందిరం’ అన్నారు. ఆ పైన, చివర్లో వాన కురవాలన్నారు. “వాన పడకపోతే విశ్వాసులు అభ్యంతరపడతారమ్మా” అన్నది వాళ్ల మాట. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో సరేనన్నాను. వాన కురిపించాను. పుస్తకం వచ్చాక మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కథంతా చదివి, “వాన యెప్పుడు పడింది పాపా? పెద్దమ్మ ఎద్దుల్ని అమ్ముకునింది ఆ నెల్లోనే కదా” అనింది. నా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించాలి. ఆ వానను ఆమెకు చదివి వినిపించే ముఖం నాకు లేకపోయింది. 2009లో ఆమె పోయింది, తన కథ వినకుండానే.

తర్వాత ఆ కథను జరిగింది జరిగినట్టు తిరగరాసి ఒక వారపత్రికకు పంపాను. అక్కడ ఇంకో రకం కష్టం. చర్చి వద్దు, ఊరి జాతర అని మార్చండి, అప్పుడు అందరి కథ అవుతుంది అన్నారు. ఈసారి ఒప్పుకోలేదు. కథ తిరిగొచ్చింది.

అందరి కథ అంటే ఏమిటో మా పక్కింటావిడ దగ్గర తెలుసుకున్నాను. తిరుపతిలో మా రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. ఏటా గంగమ్మ జాతరకు తాతయ్యగుంటకు పోయి పొంగలి పెట్టే మనిషి ఆమె. కథ చేత్తో రాసిన కాగితాలు ఇస్తే మిద్దె మీద కూర్చుని చదివింది. చదివి, “మా అత్త కూడా వాన రాని ఏడు గంగమ్మను ఇట్లనే నిలేసి అడిగిందక్కా” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. బలిపీఠం ఆమెకు అడ్డం రాలేదు, అయ్యగారు అడ్డం రాలేదు.

సంఘం పెద్దలకు కూడా ఒక మాట. నాకు విశ్వాసం లేక వానను తీసేయలేదు. బైబిల్లో హబక్కూకు గ్రంథం తెరవండి. ఎంతకాలం మొరపెట్టినా నువ్వు వినవేమని దేవుణ్ణి నిలదీయడంతోనే మొదలవుతుంది. మూడో అధ్యాయం చివర అంజూరపు చెట్టు పూయలేదు, ద్రాక్ష కాయలేదు, చేను పండలేదు, దొడ్లో పశువు లేదు. అయినా ఆనందిస్తానంటాడు ఆ ప్రవక్త. పంట మళ్లీ పండిందని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. రూతు గ్రంథంలో నయోమి కరువుకు ఊరు వదిలి, మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకొని తిరిగొచ్చి, నన్ను ఇక నయోమి అని పిలవొద్దు, మారా అనండి అంటుంది. మారా అంటే చేదు. ఆమె మాట చేదుగా ఉందని ఎవరూ దిద్దలేదు. మా పెద్దమ్మ మాటను మాత్రం ఎందుకు దిద్దాలి? ఇవ్వడానికి ఏమీ లేని రోజున కూడా ఆమె గుడికే పోయింది. నాకు తెలిసిన విశ్వాసం అది.

గుర్రం జాషువా ఇదే భాషలో ‘గబ్బిలం’ రాసి శివుడి దగ్గరికి కబురు పంపారు, ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆ రెండోదానికే. తెలుగు పాఠకులు రెండింటినీ చదువుకున్నారు. మన పాఠకుడికి తట్టుకునే శక్తి లేదని ముందే మనం అనుకోవడం వాళ్లను తక్కువ చేయడమే.

నేను చదివినంతలో మన కథల్లో క్రైస్తవ పాత్ర వచ్చిందంటే తెల్ల బట్టల నర్సమ్మో, కాన్వెంటు సిస్టరో. బెల్లం పొయ్యికాడ చెరకు పిప్పి ఎగదోసే మేరమ్మ లేదు, పాలకేంద్రం దగ్గర పొద్దున ఐదింటికి క్యాన్లు దించే యోహాను లేడు. వాళ్లు మా పల్లెల్లో ఉన్నారు. ఆ ఇద్దరు పిల్లలు రాసింది వాళ్ల గురించే. పేర్లు మార్చవద్దని, ప్రార్థన తీయవద్దని, ఎవరో మెచ్చుకుంటారని ప్రార్థన కొత్తగా చేర్చనూ వద్దని చెప్పాను. ఇంట్లో మీ అమ్మ దేవుణ్ణి ఏ మాటతో పిలుస్తుందో ఆ మాటే రాయమన్నాను. వాళ్ల కథలు మీకు వస్తాయి. కథగా బాగాలేకపోతే తిప్పి పంపండి, మేమేమీ అనుకోము. పేరు చూసి పక్కన పెట్టకండి.

ఈ ఉత్తరంతో పాటు పెద్దమ్మ కథ కూడా పంపుతున్నాను. స్థలం చాలకపోతే మొదటి పేరా తీసేయండి, అక్కడ కొంచెం సాగింది. ‘గుడి’ని గుడిగా, ‘సామీ’ని సామీగానే ఉంచండి. చివర్లో చేట ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
కొర్లగుంట, తిరుపతి