టాంగా తీరంలో నేలకొరిగినవాళ్ల కోసం మన బీచ్‌లో ఒక పొద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖలో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. 2024 వేసవిలో ఇంగ్లండ్‌లో ఉన్న అమ్మాయి వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అల్లుడు మమ్మల్ని ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి తీసుకెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న హిట్లర్ సైన్యం మీదికి బ్రిటన్, అమెరికా లాంటి మిత్రదళాల వాళ్లు సుమారు 1,56,000 మంది ఓడల్లోంచి, విమానాల్లోంచి దిగింది అక్కడే. ఆఫ్రికాలోని టాంగా తీరంలో 1914లో చనిపోయిన మన సైనికుల గుర్తుగా మన బీచ్ ఇసుకలో బొమ్మలు వేయాలని, అప్పటి నుంచి మనసులో మెదులుతున్న ఒక కోరికను మీ పత్రిక ద్వారా నలుగురి ముందు పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ వెర్-సుర్-మేర్ అనే ఊరి దగ్గర, సముద్రం కనిపించే మెరక మీద బ్రిటిష్ వాళ్ల స్మారకం ఉంది. రాతి స్తంభాల మీద, ఆ వేసవి నార్మండీ యుద్ధంలో బ్రిటిష్ దళపతుల కింద పోరాడి చనిపోయినవాళ్ల పేర్లు 22,442. పేరుతో పాటు వయసు కూడా చెక్కారు. 19, 21, 20, మళ్లీ 19. చదువుకుంటూ పోతుంటే నాకు అడుగు ముందుకు పడలేదు. నా దగ్గర బొమ్మలు నేర్చుకుని టెన్త్ పాసై వెళ్లిన పిల్లలకు మరో మూడు నాలుగేళ్లకు వచ్చే వయసది.

ఆ ఏడాది 80వ వార్షికోత్సవం కావడంతో, స్మారకం పక్కన గడ్డిలో నల్లటి మనుషుల బొమ్మలు నిలబెట్టారు. 1944 జూన్ 6 ఒక్కరోజే బ్రిటిష్ దళపతుల కింద పోరాడి చనిపోయినవాళ్లు ఎందరో అన్ని బొమ్మలు, 1,475. ముఖం లేదు, రంగు లేదు, కత్తిరించిన బయటి గీత ఒక్కటే. గీతతో బతికినవాడిని కాబట్టి చెబుతున్నాను, హెల్మెట్ అంచు, భుజం వాలు సరిగ్గా కుదిరితే కళ్లూ ముక్కూ గీయక్కర్లేదు, మనిషి వచ్చేస్తాడు. మా మనవడు ఒక బొమ్మ పక్కన నిలబడితే వాడి తల దాని మోచేతి దగ్గరికి వచ్చింది. వేలల్లో చనిపోయారని పుస్తకంలో చదివి పేజీ తిప్పేస్తాం. ఇక్కడ తిప్పడానికి పేజీ లేదు. ఎటు చూసినా మనిషంత మనిషి.

దానికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం నేను ఫొటోల్లో చూసిన పని. దగ్గర్లోనే ఉన్న ఆరోమాంచ్ బీచ్‌లో 2013 సెప్టెంబర్ 21న, అంతర్జాతీయ శాంతి దినం రోజున, జేమీ వార్డ్‌లీ, ఆండీ మాస్ అనే ఇద్దరు బ్రిటిష్ కళాకారులు చేయించారు. మనిషి ఆకారంలో కోసిన స్టెన్సిల్‌ని తడి ఇసుక మీద పరచడం, లోపలి ఇసుకను దంతెలాంటి దానితో గీరడం, స్టెన్సిల్ ఎత్తి పక్కన మళ్లీ పరచడం. అంతే పని. నీళ్లు వెనక్కి తగ్గిన కొద్ది గంటల్లో, 1944 జూన్ 6న చనిపోయినవాళ్లకు గుర్తుగా 9,000 ఆకారాలు వేయాలి. కొన్ని పదుల మంది వాలంటీర్లతో మొదలుపెడితే, ఊళ్లోవాళ్లూ చూడ్డానికి వచ్చినవాళ్లూ వందల మంది చేయి కలిపారు. ఆ 9,000లో మిత్రదళాల సైనికులతో పాటు జర్మన్లూ, అక్కడి సామాన్య జనమూ ఉన్నారు. శత్రువుల పిల్లలకూ ఇసుకలో చోటిచ్చిన ఆ మనసుకు నేను చేతులెత్తి దండం పెడతాను. సాయంత్రానికి పోటు వచ్చి అన్నిటినీ తుడిచేసింది. మన ఇళ్లలో తెల్లవారుజామున ముగ్గు వేసే తల్లికి అది పొద్దెక్కేసరికి చెరిగిపోతుందని తెలియదా? తెలిసే రోజూ వేస్తుంది.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. సముద్రంలోంచి దిగి శత్రుతీరం మీదికి వెళ్లిన మనవాళ్లు కూడా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది, 1914 నవంబర్ మొదటి వారంలో, ఇప్పటి టాంజానియాలోని టాంగా రేవును జర్మన్ల నుంచి పట్టుకోవడానికి బ్రిటిష్ వాళ్లు బొంబాయి నుంచి సుమారు 8,000 మందిని పంపారు. వాళ్లలో ఎక్కువమంది భారతీయులు. మొదట దిగినవాళ్లలో మద్రాసు సైన్యానికి చెందిన 61వ పయనీర్లు అనే పటాలం వాళ్లు ఉన్నారు, వెనక 63వ పాలంకోట పటాలం వచ్చింది. వారాల తరబడి ఓడల్లో కూరుకుపోయి, వాంతులతో నీరసించిన మనుషులను మడ అడవులున్న, ఎరగని తీరంలో దింపి వెంటనే యుద్ధానికి తోలారు. తుపాకులు చాలవన్నట్టు తేనెటీగలు కూడా మీద పడ్డాయి. వందల మంది చనిపోయారు, మిగిలినవాళ్లు 5వ తేదీన మళ్లీ ఓడలెక్కారు. తర్వాత ఆ యుద్ధం గురించి రాసినవాళ్లు మద్రాసు సిపాయిలు పారిపోయారని రాసి ఊరుకున్నారు. వాళ్లను ఆ స్థితిలో అక్కడికి తోలింది ఎవరో చూడకుండా ఆ నింద వాళ్ల నెత్తిన వేయడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇంకో మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయినవాళ్లలో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకూ, పేరు పెట్టి స్మరించలేదని, లేదా అసలు ఏ గుర్తూ ఉంచలేదని ఆ సైనికుల సమాధులనూ స్మారకాలనూ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మనుషులు. మరో 45,000 నుంచి 54,000 మందికి, వాళ్లలో మన భారతీయులు చాలామంది, తెల్లవాళ్లతో సమానమైన గుర్తింపు ఇవ్వలేదట. వెర్-సుర్-మేర్‌లో వయసుతో సహా చెక్కిన పేర్లు చూసి వచ్చిన కళ్లతో ఈ లెక్క చదివితే కడుపు తరుక్కుపోయింది.

అందుకే అడుగుతున్నాను. మన రామకృష్ణా బీచ్‌లో 1971 యుద్ధ విజయానికి స్మారకం ఉంది, కురుసుర సబ్‌మెరైన్ ఉంది, నేవీ డే వేడుకలంటే ఊరంతా అక్కడే ఉంటుంది. ఒక్క నవంబర్ 4 పొద్దున, టాంగాలో పోయినవాళ్ల కోసం అదే ఇసుకలో మనిషంత బొమ్మలు వేద్దాం. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, స్కూలు పిల్లలు, మాజీ సైనికులు కలిస్తే ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మన దగ్గర ఆటుపోట్ల తేడా నార్మండీలో అంత ఉండదు, తడి ఇసుక వెడల్పుగా దొరకదు. కాబట్టి పై ఇసుకను నీళ్లతో తడిపి గీరుకోవాలి. ఏ రోజు నీళ్లు ఎంతవరకు వస్తాయో జాలరిపేట పెద్దలను అడిగితే చెబుతారు. కమిషన్ రికార్డుల్లో వెతికి దొరికిన పేర్లను, పటాలం పేరుతో సహా, ఆ పొద్దున గట్టిగా చదవాలి. ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లడం వల్ల పశ్చిమ గోదావరిలో ‘మిలిటరీ మాధవరం’ అని పేరుపడ్డ ఊరి పెద్దలను కూడా పిలవాలి.

జిల్లా అధికారులూ నేవీ వాళ్లూ అనుమతి ఇస్తే చాలు. స్టెన్సిల్‌కి ఫ్లెక్సీ షీటు బాగా పనికొస్తుంది, ఇసుక అంటదు, కడిగి మళ్లీ వాడొచ్చు. మొదటి రెండూ నేను ఇంట్లో కోసి పెట్టాను. ఐదడుగుల ఆరంగుళాలు ఒకటి, ఐదడుగుల మూడంగుళాలు ఒకటి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
విశాఖపట్నం