మైపాడుకూ ఒక సైరన్ కావాలి

సంపాదకులకు నమస్కారం. మాది నెల్లూరు. ఇంగ్లండులో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, పిల్లలతో నాలుగు రోజులు సముద్రం దగ్గర ప్రశాంతంగా ఉండాలనుకున్నాం. బ్రైటన్, బ్లాక్‌పూల్ అంటే జనం ఎక్కువ, అందుకే నార్ఫోక్ ఉత్తర తీరంలో వెల్స్-నెక్స్ట్-ద-సీ అనే చిన్న ఊరు ఎంచుకున్నాం.

ఇసుక వెనకే పైన్ చెట్ల తోపు, దాని ముందు రంగురంగుల చెక్క గదులు, చూస్తుంటే మన సరుగుడు తోటలే గుర్తొచ్చాయి. అక్కడ ఆటుకు నీళ్లు ఎంతో దూరం వెనక్కి పోతాయి, తిరిగి పోటు వచ్చేటప్పుడు మాత్రం వెనకున్న కాలువ ముందు నిండిపోయి, ఇసుక తిన్నె మీద ఉన్నవాళ్లు మధ్యలో చిక్కుకుపోతారు. అందుకే సైరన్ మోగిస్తారు. అది వినగానే మా మనవడు గుప్పిట్లో గవ్వలు వదలకుండానే మాతో ఒడ్డుకు పరుగెత్తాడు.

అక్కడికి వెళ్లే మనవాళ్లు గది బుక్ చేసే ముందే ఆటుపోట్ల వేళలు, లైఫ్‌గార్డులు ఉండే నెలలు చూసుకోండి. లైఫ్‌గార్డులు కాపలా ఉండే చోటుకు గుర్తుగా పెట్టే ఎరుపు పసుపు జెండాల మధ్యే నీళ్లలో దిగాలి. ఆగస్టులోనూ నీళ్లు చల్లగానే ఉంటాయి, స్వెట్టర్లు మరవద్దు.

కార్తీక పౌర్ణమికి మైపాడులో ఎంతమంది సముద్ర స్నానాలు చేస్తారో అందరికీ తెలుసు. అధికారులు ఇక్కడ కూడా ఆ జెండాలు, ఒక సైరన్ పెట్టించాలని నా మనవి.

– ఒక పాఠకురాలు, నెల్లూరు