పదడుగుల కొట్టు, పెద్ద గోడౌను

కొలంబస్, ఒహాయో
ఆదివారం రాత్రి

నాన్నకి,

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేశావు. షాపులోకి ఎవరో వచ్చారన్నావు గానీ, కోపం వచ్చే పెట్టేశావని నాకు తెలుసు. "తప్పు నీదే కదా నాన్నా" అని నేను టక్కున అనేశాను మరి. ఫోన్లో నాకు మాట సరిగ్గా కుదరదు, అందుకే ఈ ఉత్తరం. తమ్ముడు ప్రింటు తీసి ఇస్తాడు, కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు.

ముందు నీకొచ్చిన షోకాజ్ మెమో సంగతి. అలవాటు పడే మందుల అమ్మకాలు రాసే హెచ్1 రిజిస్టర్లో, ఆల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర రాసిన రెండు చోట్ల డాక్టర్ అడ్రసు లేదు, అంతే కదా. నువ్వు చీటీ చూసే ఇచ్చావు. ఆ చీటీల జిరాక్సులుంటే జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి, గడువు లోపల ఇచ్చెయ్యి. షోకాజ్ అంటే సంజాయిషీ అడగడమే, శిక్ష వేసేసినట్టు కాదు. లైసెన్సు సస్పెండ్ చేయాలన్నా, రద్దు చేయాలన్నా ముందు నీ జవాబు వినాలని రూల్సులోనే ఉంది. అమ్మ మూడు రోజుల్నించి సరిగ్గా తినట్లేదట. నీ టెన్షన్ ఆవిడకి అంటించకు.

ఇక నువ్వన్న మాట. "కంచరపాలెంలో పదడుగుల కొట్టు మీదే వీళ్ళ ప్రతాపం. మీ అమెరికాలో మాత్రం పెద్దోళ్ళ జోలికి పోతారేటి?" అన్నావు. అప్పుడు జవాబు తోచలేదు. వారం నుంచి ఇక్కడ మా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి అదే ఆలోచిస్తున్నాను.

ఇక్కడ నిద్రమాత్రల నుంచి మార్ఫిన్ దాకా అలవాటు పడే ప్రమాదమున్న మందులు చాలావరకు 1970 నాటి చట్టం కింద ఉన్నాయి. తయారుచేసే కంపెనీ, హోల్‌సేల్ కంపెనీ, మాలాంటి షాపు, చీటీ రాసే డాక్టరు, అందరూ డీఈఏ అనే కేంద్ర సంస్థ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. అది పోతే ఆ మందులు ముట్టుకోవడానికి లేదు. ఆక్సికోడోన్ లాంటి, మార్ఫిన్ జాతి నొప్పి మందు తెప్పించాలంటే మామూలు ఆర్డర్ చెల్లదు. ఫారం 222 అని వేరే ఉంటుంది, లేదా దానికి బదులు కంప్యూటర్లో సంతకం. సీసా రాగానే మేం ఇద్దరం విడివిడిగా మాత్రలు లెక్కపెడతాం. ఒక్కటి తేడా వచ్చినా ఆ రాత్రి ఇంటికి ఆలస్యమే.

హోల్‌సేల్ వాళ్ళకి ఇంకో బాధ్యత ఉంది. ఏ షాపు ఆర్డరైనా మామూలుకి మించి పెద్దదిగానో, తరచుగానో, వింతగానో ఉంటే డీఈఏకి చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో చూడు. పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అని ఒక ఊరుంది. జనాభా సుమారు 400, అంటే మన వీధిలో సగం. అక్కడి ఒక్క మందుల షాపుకి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ మాత్రలు వెళ్ళాయి, అదీ ఆ జాతి నొప్పి మందే. చంటిపిల్లల్ని కలుపుకున్నా మనిషికి 22 వేలు దాటుతాయి. దొంగ సరుకు కాదు నాన్నా. లైసెన్సున్న కంపెనీలు పంపిన సరుకే.

డీఈఏ చేతిలో రెండు ఆయుధాలున్నాయి. ఒకటి నీకొచ్చినట్టే షోకాజ్: నోటీసు, విచారణ, తీర్పు, ఏళ్ళూ పూళ్ళూ. రెండోది, జనం ప్రాణాలకి ముప్పు ముంచుకొస్తోంది అనిపిస్తే ముందు రిజిస్ట్రేషన్ ఆపేసి, తర్వాత విచారణ చేయడం. పెద్ద కంపెనీలు హడలింది దీనికే. జరిమానా వాళ్ళకి లెక్కలోది కాదు. మెకెసన్ అనే హోల్‌సేల్ కంపెనీ అనుమానపు ఆర్డర్ల గురించి చెప్పలేదన్న ఆరోపణ మీద 2008లో 1 కోటి 32 లక్షల డాలర్ల పైన కట్టి, ఇక జాగ్రత్తగా ఉంటానంది. అలాంటి ఆరోపణ మీదే 2017లో 15 కోట్ల డాలర్లు కట్టింది. అప్పటి వాళ్ళ రోజు అమ్మకంలో అది మూడో వంతు కూడా కాదు. అమ్మకం వేరు, లాభం వేరంటావు, నిజమే. కానీ ఆ ఒప్పందంలోనే ఒహాయోతో కలిపి నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని గోడౌన్లలో ఈ మందుల అమ్మకం ఏళ్ళ తరబడి ఆపించారు. వాళ్ళకి తగిలిన దెబ్బ అదీ!

ఈలోగా 2016లో ఆ రెండో ఆయుధానికి మొన విరిచేశారు. "ముంచుకొచ్చే ముప్పు" అన్న మాటకి కొత్త నిర్వచనం రాసి, ఇప్పుడు ఆపకపోతే వెంటనే హాని జరిగే అవకాశం గట్టిగా ఉందని చూపించాలన్నారు. గోడౌను నుంచి మాత్ర షాపుకి, షాపు నుంచి మనిషికి చేరేసరికి రోజులు పడుతుంది. ఇక "వెంటనే" అని ఎలా చూపిస్తారు? కంపెనీ మీద ఇది వాడటం దాదాపు అసాధ్యమని డీఈఏలో విచారణలు చేసే ప్రధాన జడ్జే రాశాడు. ఆ బిల్లుకి కాంగ్రెసులో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. అధ్యక్షుడు ఒబామా సంతకం చేశాడు. మరుసటేడు పేపర్లలో, టీవీలో గోల అయ్యాక, బిల్లు తెచ్చిన సభ్యుడు తనకి రాబోతున్న పెద్ద పదవి వదులుకున్నాడు.

కాబట్టి నువ్వన్నది సగం నిజం. పెద్దోళ్ళ జోలికి పోతారు, కానీ ఆ పెద్దోళ్ళు చట్టంలో మాటలు మార్పించుకోగలరు. నువ్వు మెమోలో కామా కూడా మార్చలేవు.

కానీ అవతలి వాదన కూడా నాకు కొట్టిపారేయాలని అనిపించదు. గోడౌనుకి ఉన్నట్టుండి తాళం పడితే నిజంగా నొప్పి ఉన్నవాళ్ళ గతేంటి అన్నారు ఆ బిల్లు వైపు వాళ్ళు. పెదనాన్న ఆఖరి రోజులు గుర్తున్నాయా? నీకు మందుల షాపు ఉండి కూడా మార్ఫిన్ కోసం ఊరంతా తిరిగావు. కేజీహెచ్ పెద్దాసుపత్రి ఎదుట వీధిలో ప్రతి షాపూ అడిగి, రాత్రి పదకొండింటికి ఒట్టి చేతులతో వచ్చి, అరుగు మీద చెప్పులు విప్పకుండా కూర్చున్నావు. మన 1985 మత్తుమందుల చట్టం భయానికి ఎవరూ ఆ మందు పెట్టుకునేవారు కాదు. 2014లో సవరించారు గానీ, అప్పటికి పెదనాన్న లేడు. మొన్న ఒక ముసలావిడ కేన్సర్ చీటీతో వచ్చింది. మా దగ్గర స్టాకు లేదు. ఇంకో నాలుగు షాపులకి ఫోన్ చేసి, ఐదో దాంట్లో దొరికాక పంపించాను. ఆవిడ కారెక్కుతుంటే నువ్వే గుర్తొచ్చావు.

అయినా ఆ రెండు గళ్ళు ఖాళీగా వదలడం తప్పే. నేనన్న మాట వెనక్కి తీసుకోను, అన్న తీరుకి మాత్రం సారీ.

ఇకమీద రాత్రి షాపు కట్టేశాక రాద్దాంలే అనుకోకు, మందు ఇచ్చినప్పుడే రాసెయ్యి. తమ్ముడికి అప్పజెబుదామనుకుంటున్నావని అమ్మ చెప్పింది, ఆ పని మాత్రం చెయ్యకు. వాడి రాత డాక్టర్ల రాత కన్నా ఘోరం, ఇంకో మెమో వస్తుంది.

నీ
బుజ్జి