ర్యాప్ పోటీలు వద్దు, ఒక గది ఇప్పించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

విజయవాడలో, గుంటూరులో సినిమాతో పని పెట్టుకోకుండా ర్యాప్ రాసి, దానికింద మోగే వాద్య సంగీతం (బీట్లు) కట్టి, పాటలు విడుదల చేసుకుంటున్న పిల్లలున్నారు. వీళ్ళకేదైనా చేద్దామనగానే ఎవరికైనా ముందు తట్టేది పోటీ. స్టేజీ, లైట్లు, మెమెంటో, శాలువా, మర్నాడు పేపర్లో ఫొటో. అది మాకొద్దు. రెండు ఊళ్ళలో చెరొక గది కావాలి. ఎలాంటి గదో, ఎందుకో వివరంగా రాస్తున్నాం.

గది ఎందుకో ముందు ఒక ఉదాహరణతో చెబుతాం. జె డిల్లాగా పేరు పడ్డ జేమ్స్ యాన్సీ (1974–2006)ది అమెరికాలోని డెట్రాయిట్. స్లమ్ విలేజ్ బృందంలో ర్యాపరూ ఆయనే, బీట్లు కట్టిందీ ఆయనే. కుర్రతనంలో ఆయన్ని చేరదీసింది ఆ పేటలోనే ఉండే కీబోర్డు వాద్యకారుడు ఆంప్ ఫిడ్లర్. తన ఇంట్లో ఉన్న ఎంపీసీ డ్రమ్ మెషీన్ ముందు కూర్చోబెట్టి, మాన్యువల్ జోలికి పోనివ్వకుండా చెవితోనే నేర్చుకోమన్నాడు. తర్వాత న్యూయార్క్ ర్యాపర్ క్యూ-టిప్‌కి పరిచయం చేసిందీ ఆయనే. అలా న్యూయార్క్ దారి తెరుచుకుంది.

డిల్లా పనితనం ఎక్కడుందంటే దెబ్బ పడే వేళలో. మెషీన్‌లో క్వాంటైజ్ అని ఒకటుంటుంది. వేలు కాస్త అటూ ఇటూగా పడ్డ దెబ్బను పట్టుకెళ్ళి లయకు సమంగా గీసిన గడిలో కూర్చోబెడుతుంది. ఆయన చాలా బీట్లలో దాన్ని ఆపేసి వేళ్ళతోనే వాయించాడు. హై-హ్యాట్ (జంట తాళాలు) తిన్నగా నడుస్తుంటే స్నేర్ (గరగరలాడే చిన్న డ్రమ్) రవ్వంత ముందు, కిక్ (మంద్రంగా మోగే పెద్ద డ్రమ్) రవ్వంత వెనక. తప్పతాగినవాడు పడిపోకుండా నడిచినట్టుంటుంది ఆ లయ. ఆయన వాడిన ఎంపీసీ 3000 ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉంది. దీని వెనక ఏ పోటీ లేదు. ఒక ఇల్లు, ఒక మెషీన్, అడిగితే చెప్పే మనిషి, అంతే.

మనవాళ్ళకు ఇవి లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో చూడండి. నెట్‌లో దొరికే రెడీమేడ్ బీటు తెచ్చి దానిమీద తెలుగు ఎక్కిస్తారు. నిమిషానికి 90 బీట్ల (ఇక్కడ బీటంటే తాళం దెబ్బ) పాటలో బీటుకు నాలుగు గళ్ళు, గడికి దాదాపు 167 మిల్లీసెకన్లు. లఘువుకు ఒక గడి, గురువుకు రెండు కావాలి. ఇంగ్లిష్ నడకకు కట్టిన బీటులో ఆ రెండో గడి దొరకదు. గురువును నొక్కి ఒక గడిలో ఇరికిస్తే ‘పాడు’ కాస్తా ‘పడు’ అయిపోతుంది. రగడలు రాసిన మనవాళ్ళకు మాత్రల లెక్క కొత్తేం కాదు. ఏడు మాత్రల వృషభగతి కూడా మన ఛందస్సులో ఉంది. కానీ రాసేవాడూ బీటు కట్టేవాడూ ఒకే గదిలో కూర్చుని, ఈ పాదంలో కిక్ తీసెయ్, అక్కడ గాలి పీల్చుకోవాలి అనుకుంటేనే అది పాటలోకి వస్తుంది. ప్రాస సంగతీ అంతే. మన క్రియలు చాలావరకు ‘-ఆను’, ‘-ఆవు’ లాంటి కొద్ది ముగింపులతోనే ముగుస్తాయి గనక చివరి ప్రాస ఊరికే పడుతుంది. దానికి చప్పట్లు కొట్టడం మానేసి, పాదం నడుమ ప్రాస పట్టేవాళ్ళను వినాలని మా అభిప్రాయం.

ఇక డప్పు. బీటులో డప్పు పెట్టాలని అందరికీ ఉంటుంది, రికార్డు చేయబోతేనే తెలుస్తుంది కష్టం. మంట దగ్గర కాచి బిగిస్తేనే అది మోగుతుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజున కొన్ని నిమిషాలకే చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది. మొదటి దెబ్బకీ ఇరవయ్యో దెబ్బకీ పొత్తు కుదరదు. సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా, ఒక్కోటి అయిదారుసార్లు తీసుకుని, మళ్ళీ కాచి, మళ్ళీ తీసుకోవాలి. మైకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి, రికార్డింగ్ లెవెల్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉంచుకోవాలి. సున్నా దాటితే ధ్వని పగిలిపోతుంది, పగిలినదాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు. ఇది అద్దె ఇంటి మూడో అంతస్తులో అయ్యే పనేనా? డప్పు వాయించేవారికి ఆ రోజు కూలీ, బీటులో పేరు, వాటా దక్కే ఏర్పాటు కూడా ఉండాలి.

గది విషయానికొస్తే, ఇప్పుడున్న ప్రభుత్వ భవనంలోనే రోడ్డుకు దూరంగా, కిటికీ లేని 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది చాలు. గోడకు పల్చటి ఫోమ్ అతికించి సౌండ్‌ప్రూఫ్ అని బిల్లు పెడతారు, ఒప్పుకోకండి. అది పై స్థాయి మోతను కాస్త తగ్గిస్తుందే గానీ మంద్రాన్నీ ఆపదు, బయటి హారన్లనూ ఆపదు. కోడిగుడ్ల అట్టలైతే మరీ దండగ, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. బయటి శబ్దం ఆగాలంటే బరువైన తలుపు, సందుల్లో రబ్బరు కావాలి. లోపలి ప్రతిధ్వనికి రెండంగుళాల మందం, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న రాక్‌వూల్ (రాతి నార) పలకలు ఎనిమిది. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో దొరికే మామూలు నూలు గుడ్డ చుట్టి, గోడకు రెండంగుళాల ఎడం వదిలి బిగించాలి. వాటిలో రెండు పాడేవాడి వీపు వెనక రావాలి. మైకు చూసేది ఆ గోడనే. జనం మైకు వెనక పెడతారు, అక్కడే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

విజయవాడ ఎండల్లో ఏసీ లేకుండా కుదరదు, ఏసీ మోతతో రికార్డింగూ కుదరదు. ముందు గది చల్లబరిచి, టేక్ (ఒకసారి పాడి రికార్డు చేయడం) అప్పుడు ఆపేస్తే సరి. 90 బీట్ల పాటలో ఒక చరణానికి సరిపడే 16 బార్లు (బారుకు నాలుగు బీట్లు) 43 సెకన్లలో అయిపోతాయి. ఎర్తింగ్ మాత్రం కొత్తగా వేయించండి. అది సరిగా లేకే 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం ప్రతి టేకులోకీ దూరుతుంది.

సామాను తక్కువే. కంప్యూటర్, మైకును కంప్యూటర్‌కు కలిపే రెండు ఛానెళ్ళ ఆడియో ఇంటర్‌ఫేస్, బీట్లు కట్టే 16 ప్యాడ్‌ల మెషీన్, అయిదంగుళాల స్పీకర్ల జత, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు రెండు, డైనమిక్ మైకులు రెండు. ఇలాంటి గదికి షూర్ ఎస్‌ఎం 58 లాంటి డైనమిక్ మైకు, చిన్న మోతను కూడా పట్టేసే కండెన్సర్ మైకుకన్నా మేలు. బెత్తెడు దూరంలో పాడితే గది మోత తక్కువ పడుతుంది. పెద్ద మిక్సర్ కొనకండి. కొన్నాక బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తాళం ఉన్నాయన సెలవులో ఉంటాడు. ఆ డబ్బుతో మిక్సింగ్ తెలిసిన మనిషిని జీతానికి పెట్టండి, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా. 808 బాస్‌ను (డ్రమ్ మెషీన్ మంద్ర స్వరాన్ని) పాట శ్రుతికి కలపాలనీ, ఫోన్ స్పీకర్లో ఆ మంద్రం వినపడదు కాబట్టి కాస్త సాచురేషన్ (ధ్వనికి కొంచెం గరుకుదనం) ఇవ్వాలనీ పక్కన కూర్చుని చూపించేవాడు కావాలి.

ఆ గదిలోనే నెలకో రోజు హక్కుల గురించి చెప్పించండి. లీజుకు తెచ్చిన బీటు ఇంకా పదిమంది దగ్గర ఉంటుంది. ముందు విడుదల చేసినవాడి పేరున తర్వాతివాళ్ళ పాటకు కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. పాత పాట ముక్క వాడుకునేవాళ్ళు రికార్డుకు 60 ఏళ్ళు నిండితే చాలనుకుంటారు. బాణీకీ సాహిత్యానికీ లెక్క వేరు, కర్త మరణించాక 60 ఏళ్ళు. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు కనుక ఆయన కట్టిన బాణీలకు 2034 చివరిదాకా హక్కుంటుంది. సాహిత్యం రిజిస్ట్రేషన్‌కు 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2,000. తప్పనిసరి కాదు గానీ గొడవ వచ్చినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యం, పాట పూర్తయిన రోజే సాహిత్యం ఎవరిది, బీటు ఎవరిది, ఎవరి వాటా ఎంత అని ఒక పేజీ రాసుకుని సంతకాలు పెట్టుకోవడం.

చివరగా, గది మంజూరు చేస్తే ఉత్తర్వులోనే రెండు మాటలు రాయించండి. అక్కడ చేసిన పాటపై హక్కు పూర్తిగా చేసినవాళ్ళదే, శాఖకు వాటా లేదు. సాహిత్యం ముందుగా ఎవరికీ చూపించి ఆమోదం తీసుకోనక్కర్లేదు. ఈ రెండూ లేకపోతే గదికి ఎవరూ రారు.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు బీట్‌మేకర్లు, ర్యాపర్లు, మిక్సింగ్ పనివాళ్ళు