గ్రంథాలయంలో మాకూ ఒక ఆదివారం

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా లాగే వ్యాసరచన పోటీలు, ముగ్గులు, బహుమతులు ఉంటాయి. ఉండనివ్వండి. ఆ వారంలో ఒక్క సాయంత్రం మాలాంటి ప్రోగ్రామర్లకు హాలు ఇమ్మని అడగడానికే ఈ ఉత్తరం.

నేను గుంటూరులో మిర్చి కమిషన్ వ్యాపారులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తాను. ఇటీవల ఇక్కడ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడే మిత్రులు ఒక ట్యూషన్ సెంటర్ పైగదిలో మీటప్ పెట్టి, నన్ను మాట్లాడమన్నారు. ఇలాంటి చోట మైకు అందగానే అందరూ ఇంగ్లీషులోకి దూకుతారు. నేను తెలుగులోనే చెప్పాను, ఎందుకంటే చెప్పాల్సిన విషయమే తెలుగు.

రసీదు మీద రైతు పేరుకు పది అక్షరాల చోటు పెట్టామనుకోండి. వెంకటలక్ష్మి అన్న పేరు కంటికి ఐదే అక్షరాలు. కంప్యూటరుకు మాత్రం పన్నెండు, ఎందుకంటే ఎత్వం, సున్నా, పొల్లు, గుడి అన్నిటినీ అది విడివిడిగా లెక్కపెడుతుంది. పది దగ్గర కత్తిరిస్తే రసీదు మీద ‘వెంకటలక్ష్’ అని పడుతుంది. ఆ కాగితం పట్టుకున్న ఆవిడకు ఇదంతా ఎవరు వివరిస్తారు? ఎస్సెమ్మెస్‌దీ ఇదే తంతు. ఇంగ్లీషులో ఒక మెసేజీకి 160 అక్షరాలు పడితే, తెలుగులో ఈ విడి లెక్కన 70 దాటగానే రెండో మెసేజీ ఖర్చు మొదలవుతుంది.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఐఫోన్లను కుప్పకూల్చిన సంగతి చెప్పగానే వెనక బెంచీల వాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టారు. ఆ అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం దాగి ఉంటే చాలు, అది వచ్చిన యాప్ తెరిచిన ప్రతిసారీ మూతపడేది. ఆపిల్ వాళ్లు ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

అసలు ప్రశ్న ఒక డిప్లొమా అమ్మాయి అడిగింది: “సార్, మరి కన్ను లెక్కపెట్టినట్టు కంప్యూటరుతో లెక్కపెట్టించలేమా?” పెట్టించవచ్చు. అయితే అందుకు వాడే లైబ్రరీ (అంటే గ్రంథాలయం కాదు, ప్రోగ్రాములో కలుపుకునే రెడీమేడ్ కోడ్) పాతదైతే ‘లక్ష్మి’ని నాలుగు ముక్కలంటుంది. పొల్లు దగ్గర విడగొట్టకుండా సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో ఎలా రాయాలో చెప్పే ప్రమాణం) 15.1తో వచ్చింది. దాన్ని పాటించే లైబ్రరీ అయితే రెండే అంటుంది. పక్కనున్న కుర్రాడు లాప్‌టాప్ తెరిచి, అక్కడికక్కడే పరీక్షించడం మొదలుపెట్టాడు. నాకైతే ఉపన్యాసం కన్నా ఇదే బాగుంది. ఇంతలో ఇంటర్ బ్యాచ్ వచ్చేసింది, గది ఖాళీ చేయమన్నారు. మెట్ల మీద నిలబడి ఎంతసేపు మాట్లాడతాం?

హైదరాబాద్ మాదాపూర్‌లో అయితే ఇలాంటివాటికి కంపెనీలే హాళ్లు ఇస్తాయి. మా ఊళ్లలో అలాంటి కంపెనీలు ఎక్కడున్నాయి? చందాలేసుకుని అద్దె కట్టాలి. చందా ఇవ్వలేని విద్యార్థి మొహమాటపడి రావడమే మానేస్తాడు. మరోవైపు, ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమందరం కడుతున్నాం. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం గ్రంథాలయాన్ని పుస్తకాల గదిగానే చూడలేదు. ఉపన్యాసాలూ చర్చలూ అక్కడే జరిగేవి. మేం కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

జిల్లా గ్రంథాలయ సంస్థ వారు వారోత్సవాల్లో ఒక సాయంత్రం, ఆ తర్వాత నెలకొక ఆదివారం, మూడు గంటలపాటు హాలు ఇస్తే చాలు. ప్రొజెక్టర్ మేమే తెచ్చుకుంటాం, కరెంటు ఖర్చు ఇస్తాం, కుర్చీలు మళ్లీ సర్ది వెళతాం. పేపరు చదువుకునే పెద్దలకు ఇబ్బంది అనుకుంటే, చదువరుల వేళ ముగిశాకే మొదలుపెడతాం. ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో మీ పత్రికలో ప్రకటించినా సంతోషమే.

— ఒక ప్రోగ్రామర్, గుంటూరు